దాతల రూపాయి టీచరు గంటగా మారాలి

(విరాళాలతో నడిచే బాలికల పాఠశాలల ట్రస్టు సభ్యులు, దాతలు, ఉపాధ్యాయుల సమావేశం కోసం రాసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, సెలవుల్లో విదేశాల నుంచి వచ్చి ఇక్కడ కూర్చున్న దాతలకు, అందరికన్నా ముఖ్యంగా రేపు పొద్దున మళ్లీ చాక్‌పీసు పట్టుకోవాల్సిన టీచర్లకు నమస్కారం.

విరాళాలతో నడిచే ఏ ఆడపిల్లల బడికి వెళ్లినా గోడల మీద పేర్లు కనిపిస్తాయి. ఈ గది ఫలానా వారి జ్ఞాపకార్థం, ఈ మంచినీళ్ల ప్లాంటు ఫలానా బ్యాచ్ కానుక, ఈ బెంచీలు ఫలానా కుటుంబం ఇచ్చినవి. అన్నీ అవసరమైనవే, మనసారా ఇచ్చినవే. కానీ ఏడో తరగతికి వచ్చినా తీసివేత రాని పిల్ల పక్కన కూర్చుని రోజూ ముక్కాలు గంట నేర్పే మనిషి జీతానికి మాత్రం ఎవరూ ముందుకు రారు. పిల్లను పది దాటించి ఇంటర్ గడప ఎక్కించేది ఆ ముక్కాలు గంటే. ఈరోజు నేను చెప్పేదంతా దాని గురించే.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి ఆంధ్ర మహిళా సభ అనగానే మనకు ఆస్పత్రులు, కాలేజీలు, హాస్టళ్లు గుర్తొస్తాయి. కానీ దాని మొదలు వెతికితే 1930ల చివర్లో మద్రాసులో ఆవిడ తెలుగు అమ్మాయిలను కూర్చోబెట్టుకుని బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు చదివించిన తరగతుల దగ్గర తేలుతాం. ఆవిడ కూడా స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్లి వచ్చాక అదే మెట్రిక్ ప్రైవేటుగా రాసి పాసైన మనిషి. మధ్యలో చదువు ఆగిన ఆడపిల్లకు ఏం కావాలో ఆవిడకు అనుభవం మీద తెలుసు. ముందు తరగతి నడిచింది, భవనాలు తర్వాత లేచాయి. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు 1958లో పెద్ద వయసు మహిళల కోసం మొదలుపెట్టించిన సంక్షిప్త కోర్సుల వెనకా ఇదే తర్కం ఉంది: పిల్ల ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచి ఎత్తుకోవాలి.

ఎక్కడ ఆగిపోయిందో ఎలా తెలుస్తుంది? పైతరగతికి వచ్చిందన్నంత మాత్రాన కింది తరగతి చదువు వచ్చినట్టు కాదు. ఆరో తరగతిలో చేరే పిల్లలకు జూన్ మొదటి పక్షంలోనే ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని పరీక్షించాలి. రాత పరీక్ష వద్దు, పక్కపిల్లను చూసి రాసేస్తారు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి, పల్లె పిల్లల చదువు ఏ మెట్టు మీదుందో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వేలో వాడుతున్న పద్ధతి చాలా తేలిక. ఒక కాగితం మీద అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. లెక్కల కాగితంలో ఒక అంకె, రెండంకెల సంఖ్యల గుర్తింపు, తీసివేత, భాగహారం ఉంటాయి. పిల్ల ఎంతవరకు హాయిగా చదవగలిగితే అదే ఆమె మెట్టు. మనిషికి 5 నిమిషాలు చాలు. 120 మంది పిల్లలకు 600 నిమిషాలు, అంటే 10 గంటలు. నలుగురు టీచర్లు పంచుకుంటే తలా రెండున్నర గంటల పని. దీనికి టైం లేదనే బడి ఆ తర్వాత అయిదేళ్లు గుడ్డిగా పాఠం చెప్తుంది.

చదివించేటప్పుడు చెవి పెట్టి వినాల్సింది వత్తుల దగ్గర. ‘పుస్తకం’ను ‘పుసతకం’ అని, ‘అమ్మ’ను ‘అమ’ అని చదివే పిల్లకు అక్షరాలు వచ్చు, గుణింతాలూ వచ్చు, సంయుక్తాక్షరం దగ్గరే ఆగింది. ఆమెకు మళ్లీ అ ఆ ల నుంచి మొదలుపెడితే అవమానంగా ఉంటుంది, కాలం వృథా కూడా. రెండు వారాలు ఒత్తు పదాలతో ఆడిస్తే చాలాసార్లు దారిలో పడుతుంది. మరో రకం పిల్ల గడగడా చదివేస్తుంది. ‘సంతకు ఎవరెళ్లారమ్మా?’ అని అడిగితే బిక్కమొహం వేస్తుంది. ఈమెకు కావాల్సిన సాయం వేరు: వాక్యానికో ప్రశ్న అడుగుతూ, తన మాటల్లో చెప్పిస్తూ పోవాలి. ఇద్దరినీ ‘తెలుగు వీక్’ అని ఒకే గాటన కడితే ఇద్దరికీ న్యాయం జరగదు.

లెక్కల్లోంచి ఒకటి దగ్గరగా చూద్దాం. 402లోంచి 157 తీసెయ్యమంటే పిల్ల 355 అని రాసింది. టీచరు ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి పక్కన 245 అని రాసి నోట్సు తిరిగిచ్చేశారు. పిల్ల 245ను శ్రద్ధగా కింద కాపీ చేసుకుంది. ఏమీ నేర్చుకోలేదు. ఎందుకంటే 355 కూడా ఏదో తోచింది రాసింది కాదు, ఆమెకు తెలిసిన నియమం ప్రకారం వచ్చిందే. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలి అన్నది ఆ నియమం. నాలుగులోంచి ఒకటి పోతే మూడు, అయిదులోంచి సున్నా పోతే అయిదు, ఏడులోంచి రెండు పోతే అయిదు. అందుకే ఇలాంటి పిల్ల పది లెక్కలిస్తే పదీ ఒకే రకంగా తప్పు చేస్తుంది.

దీనికి మందు ఆట నోట్లు. వందలు, పదులు, రూపాయలు కాగితం మీద గీసి కత్తిరించుకోవచ్చు. పిల్ల చేతికి నాలుగు వందలు, రెండు రూపాయి నోట్లు ఇచ్చి ‘నాకు 157 ఇవ్వు’ అనండి. ఏడు రూపాయలు ఇవ్వబోతే రెండే ఉన్నాయి. పదులకు చెయ్యి పెడితే ఒక్కటీ లేదు. అప్పుడు ఆ పిల్లే అంటుంది, ‘వంద చిల్లర మార్చాలి టీచర్’ అని. వందను పది పదులు చేసి, అందులో ఒక పదిని పది రూపాయలు చేశాక ఆమె దగ్గర మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు రూపాయలు ఉంటాయి. ఇక 245 దానంతట అదే వస్తుంది. మొదటి నాలుగైదు రోజులు నోట్లతో, తర్వాత నోట్లు పక్కనే పెట్టుకుని కాగితం మీద, ఆ తర్వాత కాగితం మీదే. చాలాచోట్ల రెండో మెట్టు దాటేసి సరాసరి కాగితానికి వెళ్లిపోతారు. మర్నాటికి 355 మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

ఈ పనికి రోజులో ఎప్పుడు చోటివ్వాలి? మన బళ్లలో ఎక్కువ పొరపాటు ఇక్కడే జరుగుతోంది. వెనకబడ్డవాళ్లకు సాయంత్రం బడి వదిలాక ప్రత్యేక తరగతి పెడతారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సాయంత్రం ఇంటికెళ్లి నీళ్లు పట్టి, తమ్ముణ్ణి చూసుకుని, పొయ్యి వెలిగించాల్సిన పిల్లే సాధారణంగా చదువులో వెనకబడ్డ పిల్ల. ఆమె ఊరి బస్సు నాలుగున్నరకు వెళ్లిపోతే తర్వాతిది ఏడింటికి. ఆ తరగతిలో చివరకు మిగిలేది బడి పక్క వీధి పిల్లలే, అంటే సాయం అంతగా అక్కర్లేనివాళ్లు. కాబట్టి ఈ గంట టైంటేబుల్ లోపల, మధ్యాహ్నం భోజనానికి ముందు ఉండాలి. ఆరో తరగతికి మొదటి పీరియడ్, ఏడుకు రెండోది, ఎనిమిదికి మూడోది, తొమ్మిదికి నాలుగోది. ఇలా జరిపి పెట్టుకుంటే అదనంగా పెట్టుకున్న ఒక్క టీచరే నాలుగు తరగతుల్లోనూ కింది మెట్టు మీదున్న గుంపును చూసుకోగలరు. గుంపుకు 12 నుంచి 15 మంది మించకూడదు. ఇరవై దాటితే అది మళ్లీ మామూలు తరగతే.

విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలంది. రోజుకు 45 నిమిషాల చొప్పున 165 గంటలు. మరి ఆ పీరియడ్‌లో పోయే సిలబస్ ఏమవుతుందని మీలో కొందరు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. భిన్నాలు రాని పిల్లకు బీజగణితం చెప్పిన గంట కూడా పోయిన గంటే కదా. తీసివేత, భాగహారం, చదివి అర్థం చేసుకోవడం కుదిరాక మిగతా సిలబస్ వేగం అందుకుంటుంది.

గుంపులకు పేర్లు పెట్టేటప్పుడు జాగ్రత్త. ఏ, బీ, సీ అన్న మరుక్షణం పిల్లలకు విషయం అర్థమైపోతుంది. ‘డల్ బ్యాచ్’ అన్న మాట స్టాఫ్ రూములో పుట్టి మూడు రోజుల్లో పిల్లల నోళ్లలోకి వస్తుంది. నదుల పేర్లో పూల పేర్లో పెట్టండి, ఆరు వారాలకొకసారి మళ్లీ అదే 5 నిమిషాల పరీక్ష పెట్టి గుంపులు మార్చండి. మారే గుంపు అని తెలిస్తే పిల్లకు ఆశ ఉంటుంది. జూన్‌లో వేసిన గుంపు ఏప్రిల్ దాకా మారకపోతే అది ముద్రే. లెక్కల్లో కింది మెట్టున్న పిల్ల తెలుగులో పై మెట్టున ఉండొచ్చు, కాబట్టి రెండింటికీ జాబితాలు వేరుగా ఉండాలి.

మామూలు తరగతిలో కూడా చిన్న మార్పులు చాలా పనిచేస్తాయి. ప్రశ్న అడిగాక లోపల అయిదు అంకెలు లెక్కపెట్టుకోండి, అప్పుడు గానీ ఎవరినీ లేపకండి. ఆ వ్యవధి లేకపోతే ముందు బెంచీలోని నలుగురే ఏడాదంతా జవాబులు చెప్తారు. మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు, ఎలాగూ ఎవరో చెప్పేస్తారు కాబట్టి. పలకలు మళ్లీ తీసుకురండి. అందరూ రాసి ఒకేసారి పైకెత్తితే పది సెకన్లలో తరగతి మొత్తం ఎక్కడుందో కనిపిస్తుంది, తప్పు రాసిన పిల్ల ఒంటరిగా నిలబడి సిగ్గుపడాల్సిన పనీ ఉండదు. ఇంట్లో ‘ఆడపిల్లవి, నోరు మూసుకో’ అని విని వచ్చే పిల్లకు పలకే మొదటి గొంతు.

నోట్సు దిద్దడం సంగతి. 45 మంది తరగతిలో పుస్తకానికి 3 నిమిషాలు వేసినా రెండుంపావు గంటలు పడుతుంది. రోజూ ఎవరివల్లా కాదు. అందుకే అన్ని పుస్తకాల మీదా టిక్కు, సంతకం, ‘గుడ్’. అలా కాకుండా రోజుకు తొమ్మిదే తీసుకోండి. అయిదు రోజుల్లో తరగతి మొత్తం పూర్తవుతుంది. ఒక్కో పుస్తకంలో ఒక్క తప్పునే ఎంచుకుని, అది ఎందుకు వచ్చిందో రెండు వాక్యాలు రాసి, కింద అలాంటిదే మరో లెక్క ఇవ్వండి. పిల్ల అది చేసి మర్నాడు చూపించాలి. చూపించకపోతే రాసిన రెండు వాక్యాలూ అలంకారంగానే మిగులుతాయి.

ఇంగ్లిష్ మీడియం విషయంలో గొడవ పడే చోటు ఇది కాదు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా ద్విభాషా పుస్తకాలు అచ్చువేశాయి. వాటిని వాడే తీరు ఉంది. ముందు తెలుగు పేజీ మీద విషయం అర్థం కావాలి, తర్వాత ఎదురు పేజీలో అవే అయిదారు మాటలు గుర్తుపట్టాలి, చివర్లో రెండే రెండు వాక్యాలు ఇంగ్లిష్‌లో సొంతంగా రాయాలి. ఇంగ్లిష్ పేజీని వరసగా చదివి ‘అంటే...’ అంటూ పోతే పిల్లకు ఏ భాషలోనూ పాఠం దక్కదు.

ఇక పిల్ల బడికి వచ్చే విషయం. హాజరు పట్టీని నెల చివర్లో కూడి పైకి పంపేయడం కాదు, అడ్డంగా కూడా చదవాలి. నెలనెలా మూడేసి రోజులు ఒకే వ్యవధిలో రాని పిల్ల ఉంటే కారణం ఊహించడం కష్టం కాదు. నెలకు 3 చొప్పున పది నెలల్లో 30 రోజులు. 220లో ఏడోవంతు దాకా పోయినట్టే. ఇది బాత్రూముల సమస్య. చిన్న లెక్క వేయండి: 15 నిమిషాల విరామంలో మనిషికి 2 నిమిషాల చొప్పున ఒక మరుగుదొడ్డి ఏడుగురికే సరిపోతుంది. 120 మంది ఆడపిల్లలకు రెండే ఉంటే పద్నాలుగు మందికి పోను మిగతావాళ్లు ఏం చేస్తారు? పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. మధ్యాహ్నానికి తలనొప్పి, కళ్లు తిరగడం, ఆపై మూత్రంలో మంట. టీచరేమో ‘పాఠం వినకుండా బల్ల మీద తల వాల్చింది’ అనుకుంటారు. తరగతికో సమయం చొప్పున విరామాన్ని విడగొడితే కొత్తది కట్టకుండానే సగం ఇబ్బంది తీరుతుంది. లోపల గడియ పనిచేయాలి. బకెట్టు, మగ్గు, మూత ఉన్న చెత్తబుట్ట, అడగకుండా తీసుకునే చోట ప్యాడ్లు ఉండాలి. శుభ్రం చేయడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాలి, పిల్లలతో చేయించకూడదు.

రక్తహీనత గురించి కూడా టీచర్లకు తెలిసి ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మన తొమ్మిది, పది తరగతుల్లో సగం బెంచీలు. వారానికొకటి ఇచ్చే నీలం రంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఆరు నెలలకొకసారి నులిపురుగుల మాత్ర. చాలా బళ్లలో ఈ కార్యక్రమం రెండో వారానికే ఆగిపోతుంది. పిల్లలు ఖాళీ కడుపుతో మింగుతారు, వికారం పుడుతుంది, మర్నాడు విరేచనం నల్లగా అవుతుంది, ఇంట్లో భయపడి ఇక వద్దంటారు. భోజనం అయ్యాక ఇవ్వాలి. నల్లగా అవడం మామూలేనని మాత్ర ఇవ్వకముందే పిల్లలకూ తల్లులకూ చెప్పాలి. ఆ పూట టీ తాగొద్దనాలి, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. పక్కన నిమ్మచెక్క పెడితే మేలు. మరీ నీరసంగా ఉన్న పిల్లను మాత్రతో సరిపెట్టకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించాలి.

గైర్హాజరుకు మరో కారణం కాలం. పత్తి ఏరే రోజుల్లో, మిరపకాయ కోతల్లో కొన్ని ఊళ్ల పిల్లలు వారాల తరబడి కనిపించరు. దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి సోమవారం ఎవరు రాలేదో ఆ జాబితా ప్రధానోపాధ్యాయురాలి బల్ల మీద ఉండాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్ల సెలవుల తర్వాత రాలేదంటే పెళ్లిమాటలు నడుస్తున్నాయేమోనని అనుమానించండి. అదే సర్వేలో 20-24 ఏళ్ల యువతుల్లో 18 నిండకుండానే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. రెండో రోజు ఫోను, నాలుగో రోజు ఇంటికి వెళ్లడం అని రాసిపెట్టుకోండి. ఒక్కరే వెళ్లకండి. ఇద్దరు వెళ్లాలి, ఒకరు ఆ ఊరి పరిచయం ఉన్నవారైతే మంచిది. గుమ్మంలోనే ‘ఎందుకు పంపలేదు?’ అంటే తలుపు మూసుకుంటుంది. ‘ఏం వదినా, అమ్మాయి నాలుగు రోజులుగా కనబడలేదు, ఒంట్లో బాగుందా?’ అంటే మంచం వాల్చి కూర్చోమంటారు. అసలు సంగతి నెమ్మదిగా అక్కడే బయటికొస్తుంది. పెళ్లి ఖాయం చేసేశారని తెలిస్తే మాత్రం మొహమాటం పనికిరాదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయాలి, ఐసీడీఎస్ అధికారులకు చెప్పాలి. 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం కింద పెళ్లి చేసినవాళ్లకు, చేయించినవాళ్లకు రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చని పెద్దల ముందు చెప్పాలి. ఆపిన తర్వాతే అసలు పని. ఆ పిల్ల మర్నాడు బడికి వచ్చినప్పుడు తోటివాళ్లు గుచ్చి గుచ్చి అడగకుండా, పోయిన పాఠాలు అందేలా ఒక టీచరు తోడుండాలి.

పదో తరగతికి వద్దాం. డిసెంబరు రాగానే అన్ని బళ్లలోనూ స్లిప్ టెస్టులు మొదలవుతాయి. రోజుకో పరీక్ష, రోజుకో మార్కుల పట్టీ. పరీక్ష పెట్టడం వేరు, ఆ జవాబు పత్రంతో కూర్చోవడం వేరు. రోజూ పెట్టే బదులు వారానికి రెండు పెట్టి, మర్నాటి పీరియడ్ మొత్తం ఆ పత్రాలకే ఇవ్వండి. పోయిన ప్రతి మార్కు పక్కన పిల్లే రాయాలి: తెలియక పోయిందా, తొందరలో పోయిందా, టైం చాలక పోయిందా. తెలియక పోయినవే మళ్లీ నేర్పాల్సినవి. టైం చాలక పోయిన పిల్లకు పాఠం మళ్లీ చెప్పి లాభం లేదు, గడియారం పెట్టి రాయించాలి.

లెక్కల్లో 35 దాటలేక ఊగిసలాడే పిల్లలకు సాంఖ్యక శాస్త్రం (స్టాటిస్టిక్స్), సంభావ్యత (ప్రాబబిలిటీ) మంచి ఆధారం, వెనకటి తరగతుల పునాది తక్కువ అడుగుతాయి కాబట్టి. అయితే వర్గీకృత దత్తాంశానికి, అంటే తరగతులుగా విడగొట్టిన అంకెలకు, మధ్యగతం (మీడియన్, సరిగ్గా మధ్యలో పడే విలువ) కనుక్కునే చోట ఒక తప్పు ఏటా వస్తుంది. ఉదాహరణకు మార్కుల పట్టికలో 0-10 మార్కుల తరగతిలో 4 మంది, 10-20లో 8, 20-30లో 12, 30-40లో 10, 40-50లో 6. మొత్తం 40, సగం 20. సంచిత పౌనఃపున్యాలు, అంటే పై నుంచి కూడుకుంటూ వచ్చిన మొత్తాలు, 4, 12, 24, 34, 40. ఇరవై పడేది 20-30 తరగతిలో. ఇక్కడ సూత్రంలో వేయాల్సింది దాని ముందు తరగతి సంచిత పౌనఃపున్యం, అంటే 12. పిల్లలు అదే వరసలో కనిపిస్తున్న 24 వేసేస్తారు. 12 వేస్తే 20లోంచి 12 పోగా 8, దాన్ని 12తో భాగించి 10తో హెచ్చిస్తే 6.67, దానికి 20 కలిపితే 26.67. అదే 24 వేస్తే 16.67 వస్తుంది. సూత్రం ఎంత బట్టీ పట్టించినా పరీక్ష హాల్లో ఈ తప్పు ఆగదు. ఆపేది ఒక్క అలవాటే: జవాబు వచ్చాక తరగతి అంతరం వైపు చూసుకోవడం. మధ్యగతం 20-30 తరగతిలో ఉందని తానే గుర్తించి 16.67 అని ఎలా రాస్తుంది? ఆ ఒక్క చూపు నేర్పితే ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు పిల్లవే. ప్రతి అధ్యాయంలోనూ ఇలాంటి చూపు ఒకటి ఉంటుంది. లెక్కల టీచర్లు కలిసి కూర్చుని వాటిని రాసుకుంటే నాలుగు గైడ్ల కన్నా ఎక్కువ ఉపయోగం.

హాస్టల్ ఉన్న బళ్లకు ఒక మాట. సాయంత్రం స్టడీ అవర్లో టీచరు కాపలాకు కూర్చుంటే పిల్లలు పుస్తకం ముందు పెట్టుకుని రెండు గంటలు గడిపేస్తారు. ఆ రెండు గంటల్లో ముప్పావు గంట జంటలుగా ఒకరికొకరు అప్పజెప్పుకోవడానికి, మిగతాది రాయడానికి పెట్టండి. తొమ్మిదిన్నరకల్లా దీపాలు ఆర్పేయండి. పరీక్షల పేరుతో తెల్లవారుజామున నాలుగింటికి లేపి కూర్చోబెట్టడం వల్ల నిద్రమొహాలే తప్ప చదువు రాదు.

ఇప్పుడు డబ్బు. అదనపు టీచరుకు నెలకు 15,000 అనుకుందాం. ఏడాదికి 1,80,000. రోజుకు నాలుగు గుంపులు, గుంపుకు 15 మంది, మొత్తం 60 మంది పిల్లలు. పిల్లకు ఏడాదికి 3,000, నెలకు 250 రూపాయలు. ఇది దాతలకు చెప్పాల్సిన లెక్క. కానీ ట్రస్టులు చెప్పడానికి జంకుతాయి. జీతాలంటే ‘ఓవర్‌హెడ్’, అంటే ఆఫీసు పైఖర్చు, అనుకుంటారేమోనని భయం. విదేశీ విరాళాల చట్టం పరిపాలన ఖర్చును 2020 సవరణతో 20 శాతానికి కుదించిన మాట నిజమే. కానీ ఆ చట్టం నిబంధనల్లోనే బడి టీచర్ల జీతాలను పరిపాలన ఖర్చు కింద లెక్కించరని స్పష్టంగా ఉంది. చట్టమే దాన్ని అసలు పనిగా చూస్తుంటే మనం ఎందుకు దాచుకోవాలి?

విదేశాల నుంచి వచ్చిన తెలుగువారికి ఇక్కడే ఒక వివరం. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపేది ఈ చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారిది, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. దానికి ట్రస్టుకు అనుమతి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. ఒకే ఇంట్లో అన్నదమ్ములు పంపిన డబ్బుకే రెండు దారులు ఉండొచ్చు. ముందే అడిగి తెలుసుకోకపోతే ట్రస్టు చిక్కుల్లో పడుతుంది. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధులు ఎక్కువగా ఏడాదికేడాది వస్తాయి, కాబట్టి వాటిని మరుగుదొడ్లకు, ల్యాబుకు, బస్సుకు వాడండి. జీతానికి మాత్రం కనీసం మూడేళ్లు మాటిచ్చే దాతను వెతకండి. ఏడాదికే డబ్బు ఉంటే మంచి టీచరు మార్చిలోనే వేరే ఉద్యోగం చూసుకుంటారు, పిల్లలు జూన్‌లో మళ్లీ కొత్త మొహానికి అలవాటు పడాలి.

మరి డబ్బు పనిచేసిందో లేదో ఎలా చూడాలి? దాతలు అడిగేది పది ఫలితాల శాతం. ఆ శాతం తేలిగ్గా మోసం చేస్తుంది. ఆరో తరగతిలో 40 మంది చేరారనుకోండి. తొమ్మిదిలో ‘ఈ పిల్ల పాసవదు’ అని టీసీ ఇచ్చి పంపినవాళ్లు, పెళ్లయిపోయినవాళ్లు, పనికి వెళ్లినవాళ్లు పోను 28 మంది పరీక్ష రాశారు. అందరూ పాస్. బ్యానర్ మీద నూటికి నూరు. నిజానికి 40లో 28, అంటే 70 శాతం. మిగతా 12 మంది పేర్లు బడిలో ఎవరికీ గుర్తుండవు. కాబట్టి మీరు అడగాల్సింది ఆరులో చేరిన బ్యాచ్ గురించి: ఎంతమంది పది రాశారు, ఎంతమంది పాసయ్యారు, ఏడాది తర్వాత ఎంతమంది ఇంకా చదువుతున్నారు. వెళ్లిపోయిన ప్రతి పిల్ల పేరు ఎదుట కారణం రాసి ఉండాలి. ఈ పట్టిక చూపించే బడి ఫలితం 70 అయినా దానికే నా ఓటు.

పది తర్వాత సంగతి జూన్ దాకా ఆగితే ఆలస్యం. ఆధార్‌లో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఒక పేరు, ఇంటిపేరు ఒకచోట ముందు మరోచోట వెనక, పుట్టినతేదీ తేడా. ఇవన్నీ ఎనిమిదో తరగతిలోనే సరిచేయించాలి. కులం, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవలో తీయించి, పిల్ల పేరున బ్యాంకు ఖాతా తెరిపించాలి. జాతీయ ప్రతిభా ఉపకార వేతనం (ఎన్‌ఎంఎంఎస్) పరీక్ష ఎనిమిదో తరగతిలోనే ఉంటుంది, ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 వస్తుంది, మొత్తం 48,000. కానీ ఇది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్ల పిల్లలకే. ఎయిడ్ లేని ట్రస్టు బళ్లు పిల్లలకు ఆశపెట్టి చివర్లో నిరాశపరచకండి. ఎయిడెడ్ బళ్లు మాత్రం ఒక్క పిల్లను కూడా వదలకండి. పదిలో 60 శాతం తగ్గితే ఇంటర్లో ఆ డబ్బు ఆగిపోతుందని తొమ్మిదిలోనే చెప్పాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 5 శాతం సడలింపు ఉంది. ట్రిపుల్ ఐటీలు, పాలిసెట్ దరఖాస్తుల తేదీలు నోటీసు బోర్డు మీద అతికించి ఊరుకోకుండా, బడి కంప్యూటర్ దగ్గర టీచరు పక్కన ఉండగా నింపించండి. ఇంటి దగ్గర నెట్ సెంటర్లో నింపినవాటిలో రిజర్వేషన్ గడి తప్పు పడితే సీటే పోతుంది.

బయట బల్ల మీద తెలుగు చదివే కాగితం, లెక్కల కాగితం, గుంపుల జాబితా రాసుకునే పట్టిక పెట్టాం. బడికి రెండేసి కాపీలు తీసుకోండి, మిగతావి జిరాక్స్ తీయించుకోవచ్చు. జూన్ పరీక్షకు తేదీ ఈరోజే వేసుకుని వెళ్లండి. ఇక ప్రశ్నలు అడగండి. ముందు టీచర్లు, తర్వాత దాతలు.